ఎవరి కొలతకి కోసిన తీర్

నా బల్ల మీద కలాల డబ్బాలో పెన్నులతో పాటు ఒక నల్లటి గొట్టం ముక్క ఉంటుంది. రెండంగుళాలు కూడా ఉండదు. లోపల బోలు. ఇంటికొచ్చినవాళ్లు రీఫిల్ అనుకుని తీసి చూసి, అర్థంకాక మళ్లీ డబ్బాలో పెట్టేస్తారు. అది మా చిన్నమ్మాయి తీర్‌లోంచి కోసేసిన ముక్క.

తీర్ అంటే బాణమే. మా ఇంట్లో దానికి మూడు పేర్లు. పిల్ల గ్రౌండ్‌లో నేర్చుకొచ్చి 'యారో' అంటుంది. వాళ్ల దాదీ 'తీర్' అంటుంది. నేను కాగితం మీద పెట్టేటప్పుడు 'బాణం' అని రాస్తాను. ఈ మూడో మాట దగ్గర నాకొక పాత గాయం ఉంది, అది కాసేపాగి చెప్తాను.

2023 అక్టోబరు మొదటివారం. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వార్తలు డెస్క్ మీద కుప్పపడుతున్నాయి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మిక్స్‌డ్ టీమ్‌లో ఒకటి, మహిళల టీమ్‌లో ఒకటి, తర్వాత సొంతంగా ఒకటి. ఆ రాత్రి పేజీ పంపించి ఇంటికొచ్చేసరికి మా పిల్ల నిద్రపోలేదు. "అబ్బా, మై భీ" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. అప్పుడు దానికి పదకొండేళ్లు.

మా ఊరికి విల్లు కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని ఊరంతా చెప్పుకుంటారు. విజయుడంటే అర్జునుడే, ఊరి పేరులోనే విలుకాడున్నాడు. మా వన్‌టౌన్‌లో ఏ గల్లీలోంచి తలెత్తినా ఆ కొండే కనిపిస్తుంది. ఇక ఇప్పటి సంగతంటారా, చెరుకూరి లెనిన్ అనే కుర్రాడు ఇక్కడే పెరిగి, దేశం తరఫున ఆడి, కోచ్ అయి, 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ కుటుంబం ఆటను వదల్లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఈ ఊరే. బెజవాడలో పిల్లల్ని విలువిద్యకి పంపడమంటే పక్క వీధి ట్యూషన్‌కి పంపినట్టే అయిపోయింది.

మావాళ్లలో మాత్రం కొంచెం గుసగుస నడిచింది. ఆడపిల్ల, గ్రౌండు, ట్రాక్ ప్యాంటు. వాటన్నిటికీ మా అమ్మీ ఒక్క మాటతో తాళం వేసింది. తీరందాజీ సున్నత్ అని చిన్నప్పుడు వాళ్ల నానాజాన్ చెప్పారట. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ పేరు తీసుకుని, ఇస్లాంలో మొదటి తీర్ వేసింది ఆయనేనని ఫుప్పీలందరికీ వినిపించింది. ఆ మీదట స్కార్ఫ్ సంగతి కూడా తనే చూసింది. విల్లు పూర్తిగా లాగినప్పుడు చిల్లా, అంటే నారి, గడ్డానికీ ముక్కు కొసకీ ఆనాలి. గడ్డం కింద బట్ట వదులుగా వేలాడితే వదిలేటప్పుడు నారి అందులో చిక్కుకుంటుంది. అమ్మీ రెండు రోజులు కూర్చుని, మెడ చుట్టూ బిగువుగా ఉండి గడ్డం దగ్గర మడత రాని స్కార్ఫ్ ఒకటి కుట్టింది. మా ఇంట్లో ఆ పిల్ల కొలతలకి మొదట కుదిరిన సామాను అదొక్కటే. ఆ విషయం నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి నెలలు వెదురు విల్లుతో గడిచిపోయాయి. తర్వాత రికర్వ్ విల్లు కావాలన్నారు. కొత్తది కొనడం నా జీతానికి పెద్ద మాట. విల్లు ఒకచోట వాడినదే దొరికింది, చిన్నపిల్లలు లాగగలిగే ఇరవై నాలుగు పౌండ్లది. బాణాలు మాత్రం మరోచోట దొరికాయి. ఆట మానేసి ఇంజినీరింగ్‌లో చేరిన ఒక కుర్రాడివి. పన్నెండు కార్బన్ బాణాలు, మంచి కంపెనీవి, సగం ధరకి. నేనే బేరమాడి, ఏదో ఘనకార్యం చేసినట్టు తర్కష్‌తో సహా పట్టుకొచ్చాను. పొడుగ్గా ఉన్నాయని ఆ కుర్రాడి స్నేహితుడు అదే సాయంత్రం రెండంగుళాలు కోసిచ్చాడు. "ఇక సరిపోతాయి అంకుల్" అన్నాడు. నేను శుక్రియా చెప్పి, టీ తాగించి పంపాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బర్కత్ పోయింది.

బాణాలన్నీ ఎడమకి పోయేవి. మా పిల్లది కుడిచేతి వాటం. ఎడమకి పోతే గురిచూసే సైట్‌ని ఎడమకి తిప్పమంటారు, తిప్పారు. ఇరవై మీటర్ల దగ్గర కుదిరింది అనుకుంటే ముప్ఫై మీటర్ల దగ్గర మళ్లీ తేడా. చివరికి సైట్ పిన్ మర చివరిదాకా వెళ్లిపోయింది, ఇక తిప్పడానికి చోటు లేదు. పైగా అన్నీ ఒకేచోట పడవు. ఒక్కో బాణం విల్లును గీసుకుంటూ టక్ మని చప్పుడు చేసి ఎటో పోయేది. పిల్లలకి నేర్పేవాళ్లు చెప్పాల్సినవన్నీ చెప్పారు. మోచెయ్యి దించకు, వేళ్లు గుంజకు, భుజం బిగించకు. వందమంది పిల్లలున్నచోట ఒక్కొక్కరి బాణం తీసి కొలిచే తీరిక ఎవరికుంటుంది, నేను వాళ్లని తప్పుపట్టను. తప్పుపట్టాల్సినవాణ్ని నేనే. సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ప్రతి సాయంత్రం చూసేవాణ్ని. చూసి, బండి మీద ఇంటికి తెచ్చేటప్పుడు పంజా సెంటర్ దాకా వాయించేవాణ్ని. "ధ్యాన్ కహాఁ హై తేరా? నాతోటి పిల్లలు వేస్తున్నారు కదా, నీకెందుకు రావట్లేదు?"

ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా తనకు తనే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. వదిలే క్షణంలో విల్లు పట్టుకున్న మణికట్టును కొంచెం కుడికి తిప్పేది. అలా చేస్తే కొన్ని బాణాలు మధ్యకి వచ్చేవి. నేను భేష్ అన్నాను కూడా. కొన్నాళ్లకి మణికట్టు వాచింది. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ, "అబ్బా, మేరా హాత్ హీ ఖరాబ్ హై" అంది. నా చెయ్యే చెడ్డది.

అమ్మీ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇక్కడ మిమ్మల్ని కొంచెంసేపు హైదరాబాద్ తీసుకెళ్లాలి. ఎందుకంటే ఈ సంగతి నాకు ఎప్పుడో ఒకసారి ఒకరు విప్పి చెప్పారు, నేనే మూటకట్టి అటక మీద పడేశాను.

పన్నెండు పదమూడేళ్ల కిందట అక్కడ పనిచేస్తున్నప్పుడు, గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో ఉన్న గోల్ఫ్ మైదానం మీద ఒక ఫీచర్ రాయమన్నారు. కుతుబ్‌షాహీల కోటగోడ, హతియాన్ కా ఝాడ్ అనే ఆ ఏనుగంత చెట్టు, వాటి మధ్య పచ్చగడ్డి. కోట సంగతి, చెట్టు సంగతి రాద్దామని వెళ్లాను. మా మాము కొడుకు ఒకడు అక్కడ ఆటగాళ్ల సంచులు మోసే కేడీగా పనిచేసేవాడు. "భాయ్‌జాన్, చెట్టు ఎప్పుడైనా చూడొచ్చు, ఇది చూడు" అని నన్ను ఒక పక్కకి లాక్కెళ్లాడు. అక్కడ ఒకాయన కర్రలకి కడ్డీలు మార్చే పని చేస్తున్నాడు. గోల్ఫ్ కర్రకి కింద ఇనుప తల, పైన పట్టు, మధ్యలో ఉండేది షాఫ్ట్, కడ్డీ. తల మీద కంపెనీ పేరుంటుంది, డబ్బున్నవాళ్లు తల చూసి కొంటారు. మా వాడు చెప్పింది ఏంటంటే, ఆటంతా కడ్డీలోనే ఉందని.

ఊపు మొదలైనప్పటి నుంచి బంతిని తాకేదాకా ఆ కడ్డీ నిటారుగా ఉండదు. వెనక్కి వంగుతుంది, కిందికి వచ్చేటప్పుడు తిరిగి ముందుకి లేస్తుంది. అది ముందుకి లేచే క్షణమూ, తల బంతిని తాకే క్షణమూ కలవాలి. వేగంగా ఊపేవాడి చేతిలో మెత్తని కడ్డీ పెడితే తల ఎక్కడుందో వాడికే తెలియదు, బంతి చెదిరిపోతుంది. నెమ్మదిగా ఊపేవాడికి గట్టి కడ్డీ ఇస్తే అది వంగనే వంగదు, బంతి లేవదు, కుడికి జారిపోతుంది. అందుకే కడ్డీల మీద అక్షరాలుంటాయి. ఆడవాళ్లకని ఎల్, వయసు మళ్లినవాళ్లకని ఏ, మామూలుకి ఆర్, గట్టిదానికి ఎస్, ఇంకా గట్టిదానికి ఎక్స్. తమాషా ఏంటంటే ఈ అక్షరాలకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ కావచ్చు. అందుకే తెలిసినవాళ్లు అక్షరాన్ని నమ్మరు, పిడి వైపు బిగించి కొసని లాగి వదిలి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెడతారు.

ఆ పనిచేసేఆయన ఇద్దరు ఆటగాళ్లని చూపించాడు. ఇద్దరి ఊపు వేగం మిషను మీద దాదాపు ఒకటే. ఒకాయన ఊయల ఊపినట్టు ఊపుతాడు, రెండోఆయన పైనుంచి ఒక్కసారిగా గుంజుతాడు. ఇద్దరికీ వేర్వేరు కడ్డీలు వేశాడు. వేగం ఒకటే కదా అంటే నవ్వాడు. "వేగం మిషన్ చెప్తుంది సాబ్, మిజాజ్ మనం చూడాలి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కడ్డీని పట్టు వైపు నుంచి కోస్తే ముఖ్యంగా పొడవు తగ్గుతుంది. కింద సన్నటి కొస వైపు నుంచి కోస్తే గట్టిదనం పెరుగుతుంది. అంగుళం కోస్తే మనిషి వేరే కర్ర పట్టుకున్నట్టే.

నేను ఇంటికెళ్లి కోటగోడ మీద, చెట్టు మీద రాశాను. కడ్డీ సంగతి ఒక్క వాక్యం రాశానో లేదో. పెద్దోళ్ల ఆట, మన పాఠకులకెందుకులే అనుకున్నాను. చూడండి, జర్నలిస్టు బుద్ధి.

మళ్లీ బెజవాడ. డెల్టాలో ఒకచోట పోటీలు పెట్టారు. మా పిల్ల ఆఖరి వరసలో మిగిలింది. బాణాలు ఏరుకుంటుంటే, జార్ఖండ్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు. చాలాసేపటి నుంచి చూస్తున్నాడట. మోచెయ్యి గురించీ భుజం గురించీ ఏమీ అనలేదు. బాణం ఒకటి తీసుకుని, రెండు చివర్లు పట్టి మెల్లగా వంచి చూసి, "బేటీ, యే తీర్ కిస్‌కే హైఁ?" అని అడిగాడు. ఇవి ఎవరి బాణాలు?

"మేరే హైఁ" అంది పిల్ల.

"నహీఁ. కిస్‌కే లియే కాటే గయే థే?" ఎవరి కోసం కోసినవి?

నాకు ఆ పంజా సెంటర్ మలుపులన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నయా ఖిలా కూడా.

బాణం కాడ మీద చిన్న అంకె ఉంటుంది. మావాటి మీద 600 అని ఉంది. ఆరునెలలుగా చూస్తున్నాను, మోడల్ నంబరేమో అనుకున్నాను. దాన్ని స్పైన్ అంటారు. ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఇరవై ఎనిమిది అంగుళాల ఎడంగా రెండు ఆధారాల మీద కాడని పెట్టి, సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత కిందికి వంగుతుందో అదే ఆ అంకె, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన. 600 అంటే అంగుళంలో ఆరు పదోవంతులు వంగుతుంది. 1000 అంటే పూర్తి అంగుళం. అంకె పెరిగేకొద్దీ కాడ మెత్తన. మనకి ఉల్టా అనిపిస్తుంది, అలవాటవుతుంది.

ఆ రాత్రి మేం ఇంట్లో చేసి చూశాం. వంటింట్లో రెండు పీటలు, మధ్య ఇరవై ఎనిమిది అంగుళాలు టేపుతో కొలిచి పెట్టాం. కుర్రాడి స్నేహితుడు కోసిన బాణాలు పొట్టివైపోయి పీటల మీద నిలవలేదు. అదృష్టం కొద్దీ ఒకటి కోయకుండా మిగిలిపోయింది. అమ్మీ త్రాసు మీద బియ్యం తూచి సరిగ్గా 880 గ్రాములు సంచిలో కట్టింది. దారం వేసి వేలాడదీశాం. పిల్ల స్కేలు పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని చూసింది. "పంద్రా మిల్లీమీటర్!" అని అరిచింది. ఆరు పదోవంతుల అంగుళమంటే పదిహేను మిల్లీమీటర్లే. అబద్ధం లేదు. ఆ అంకె బాణాలు దాదాపు నలభై పౌండ్ల విల్లు లాగే పెద్ద కుర్రాడివి. మా పిల్ల విల్లు ఇరవై నాలుగు. దానికి 1000 దరిదాపుల్లో కావాలి.

అందులో కోత ఒకటి. కాడ పొట్టిదయ్యేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. అసలే గట్టి బాణాల్ని రెండంగుళాలు కోయించి ఇంకా గట్టివి చేయించింది నేను. శుక్రియా చెప్పి టీ కూడా తాగించాను.

గట్టిదైతే ఏమవుతుంది? బాణం నేరుగా పోతుందని మనమంతా అనుకుంటాం. తీర్‌లా దూసుకుపోయాడు అంటాం, బాణంలా నిటారుగా అంటాం. నిజానికి వేళ్లతో వదిలే విల్లులోంచి బాణం నిటారుగా పోదు. వేళ్ల మీంచి జారేటప్పుడు నారి కొంచెం పక్కకి కదులుతుంది, వెనక నుంచి తోపు పడుతుంది, కాడ పాములా వంగుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతూ విల్లు కొయ్యని తాకకుండా దాని చుట్టూ తిరిగి బయటపడి, గాలిలో మెల్లగా సర్దుకుంటుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో చూస్తే నమ్మలేరు, నూడుల్ ఎగిరినట్టు ఉంటుంది. వంగడం దాని ఐబ్ కాదు. ఆ వంపు ఆ విల్లు బలానికి సరిపోవాలి, అంతే. గట్టిదైతే సరిపడా వంగదు, వెనక ఈకలు విల్లుకి తగుల్తాయి, కుడిచేతివాళ్లకి ఎడమకి కొడుతుంది. మరీ మెత్తనైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. మా పిల్ల విన్న ఆ టక్ అనే చప్పుడు ఈకలు తగిలే చప్పుడు. చెయ్యి తప్పైతే ఆ చప్పుడు రాదు.

ఇప్పుడు ఆ మూడో మాట. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఉర్దూలో 'ణ' లేదు, 'ళ' లేదు. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే ఇంట్లో ఒకరకంగా చూశారు, కాలేజీలో మరోరకంగా. మొదటి వారమే భారతంలోంచి ఒక పద్యం చదవమన్నారు. అందులో 'బాణము' ఉంది. నేను 'బానము' అన్నాను. క్లాసంతా నవ్వింది. "ఈ నోటికి పద్యం పట్టదులేవయ్యా" అన్నారు ఒక మాస్టారు. ఇంకో మాస్టారు, ఆయన పేరు ఇక్కడెందుకులే, సాయంత్రం పిలిచి పద్యాలు పక్కనపెట్టి రోజూ పేపర్ సంపాదకీయం ఒకటి పైకి చదవమన్నారు. నాలుక ఎక్కడ మడవాలో నోరు తెరిచి చూపించారు. నువ్వు వచ్చిన దారి వేరు, నీ కొలత వేరు అన్నట్టే ఉండేది ఆయన తీరు. అలా చదివిన సంపాదకీయాలే నన్ను పేపర్‌లో పడేశాయి. ఇవాళ్టికీ అలసిపోయినప్పుడు నా నోట 'బానం' దొర్లుతుంది. మా పిల్ల పట్టుకుని ఏడిపిస్తుంది.

ఇది తెలిసినవాణ్ని, నేనే ఆరునెలలు ఆ మొదటి మాస్టారి పాత్ర వేశాను.

కొత్త కాడలు ఆరు మాత్రమే కొన్నాం, 1000వి. పన్నెండు కొనే స్తోమత అప్పుడు లేదు, సాధనకి ఆరు చాలన్నారు. కోయడానికి ఊళ్లోనే ఒక పాత విలుకాడు దొరికాడు, ఇంటి వెనక వరండాలో చిన్న మిషను. ఈసారి నేను నోరుమూసుకుని కూర్చున్నాను. ముందు పిల్లచేత విల్లు పదిసార్లు లాగించాడు. మొదటి మూడుసార్లు లెక్కలోకి తీసుకోలేదు. చూస్తున్నారని బిగుసుకుని లాగుతుందట. ఏడెనిమిదోసారికి అలిసి, మామూలుగా లాగుతుందట. అప్పుడు కాడ మీద పెన్నుతో గీత పెట్టాడు. ఆ గీతకి ఇంకో అంగుళంన్నర కలిపి అక్కడ కోశాడు. "కోసింది అతికించలేం, పొడుగుంటే మళ్లీ కోయొచ్చు" అన్నాడు. దర్జీలు కూడా ఈ మాటే అంటారు, పంట్లాం కింద మడత ఉంచేటప్పుడు.

కార్బన్ కోసేటప్పుడు రేగే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు కట్టుకుని, చక్రం కింద తడిగుడ్డ పరిచి కోశాడు. కత్తితోనో రంపంతోనో కోస్తే పోగులు చీలిపోతాయి, చీలిన కాడ వదిలేటప్పుడు పగిలి చేతిలో దిగే ప్రమాదముంది. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. వేసే ముందు ప్రతి బాణాన్నీ వంచి, చెవి దగ్గర పెట్టి వినమనండి. చిటచిట చప్పుడొస్తే పారేయాల్సిందే, ఎంత ధరదైనా.

ముందు కొసకి పైకాన్, మొన. దాని బరువు గ్రెయిన్లలో లెక్క, వంద గ్రెయిన్లు అంటే ఆరున్నర గ్రాములు. ఆ కొంచెమే చాలా మార్చేస్తుంది. ముందు బరువు పెరిగితే కాడ మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది, తగ్గితే గట్టిపడినట్టు. వేడి జిగురుతోనే అతికించాడు, రేపు మార్చాలంటే మళ్లీ వేడిచేసి తీయొచ్చని. అదీ కాడని కాల్చకుండా, మొనని మాత్రమే వేడిచేసి.

తర్వాత అసలు పరీక్ష. ఆరింటిలో రెండింటికి ఈకలు అతికించలేదు. ఈకలున్న బాణం తన తప్పుని దారిలో దిద్దుకుంటుంది, ఈకలు లేనిది దాచలేదు. పద్దెనిమిది మీటర్ల నుంచి ముందు ఈకలున్న నాలుగు, తర్వాత బోడివి రెండు. బోడివి కుడికి పడ్డాయి, జానెడు దూరంలో. అంటే కొంచెం మెత్తన. పావంగుళం కోశాడు. దగ్గరపడ్డాయి. ఇంకో పావంగుళం. మిగిలిన కొంచెం తేడాని విల్లు పక్కన ఉండే చిన్న స్ప్రింగ్ బొత్తాన్ని తిప్పి సర్దాడు. ఆ సాయంత్రం ఆరు బాణాలూ, బోడివాటితో సహా, అమ్మీ రొట్టెల పెనమంత చోటులో పడ్డాయి. కిందపడిన ముక్కల్లో పెద్దది నేను జేబులో వేసుకున్నాను.

అయితే కథ అక్కడ సుఖంగా ముగియలేదు. బాణాలు ఒక సాయంత్రంలో బాగుపడ్డాయి. మణికట్టు బాగుపడలేదు. ఆరునెలలు తప్పు బాణంతో బతకడానికి ఆ పిల్ల నేర్చుకున్న తిప్పుడు చేతిలో ఇంకిపోయింది. వరండాలో పక్కన మనిషి నిలబడి ప్రతిసారీ చెప్తుంటే సరిగా వేసింది. గ్రౌండ్‌లో గుంపు మధ్యకి వెళ్లగానే చెయ్యి దానంతటదే తిరిగేది. ఇప్పుడు మంచి బాణం, అది తిప్పినచోటికే పోయేది. గురి దగ్గర్నుంచి కాదు, కళ్లు మూసుకుని మూడు మీటర్ల దూరం నుంచి వేయించారు, రోజుకి యాభై, అరవై. రంజాన్‌లో ఇఫ్తార్‌కి ముందు గంట కూడా. దాదాపు ఏడు నెలలు పట్టింది. నేను చేసిన గల్తీ విప్పుకోవడానికి నేను చేసినంత కాలం కంటే ఎక్కువే పట్టింది. మాఫీ అడిగాను. "ఠీక్ హై అబ్బా" అంది, ఫోన్‌లోంచి తలెత్తకుండా. పన్నెండేళ్ల పిల్లలు అంతకంటే ఎక్కువ అనరు.

అమ్మీ మాత్రం ఒక హదీస్ గుర్తుచేసింది. ఒక్క తీర్ కారణంగా ముగ్గురికి జన్నత్ ఉందట, మంచి నియ్యత్‌తో దాన్ని తయారుచేసినవాడికి, వేసినవాడికి, చేతికి అందించినవాడికి. "నువ్వు అందించినవాడివి, చూసి అందించాల్సింది" అంది. అమ్మీ దగ్గర హదీసులు కూడా కొలతకి కోసినట్టే ఉంటాయి.

మరి ఇంతటితో అయిపోయిందా అంటే, పిల్ల పెరుగుతోంది. ఈ ఏడాది చేతులు సాగాయి, లాగుడు అంగుళం పెరిగింది, విల్లు ఇరవై ఎనిమిది పౌండ్లకి మారింది. 1000 కాడలు మెత్తబడిపోయి మళ్లీ కుడికి పోతున్నాయి. ఈసారి ఆ టక్ చప్పుడు కోసం ఎవరూ ఎదురుచూడలేదు. పిల్లే ఈకలు లేని బాణం వేసి చూసుకుని వచ్చి, "అబ్బా, ఆఠ్ సౌ చాహియే" అంది. 800. మొన్న కొన్నాం, ఈసారి ఎనిమిది.

పాత 600లు, ఆ ఘనకార్యం, తర్కష్‌తో సహా మా అటక మీదున్నాయి. పోయిన ఆదివారం అసర్ తర్వాత గ్రౌండ్‌లో కొత్తగా చేరిన ఒక పిల్లాడి తండ్రి నా దగ్గరికి వచ్చాడు. విద్యాధరపురంలో ఆటో నడుపుతాడట. "మీ దగ్గర పాత బాణాలున్నాయంట కదా భాయ్, సగం ధరకి ఇస్తారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా పిల్ల ఆ బాబు వైపు తిరిగింది.

"నీ విల్లు ఎన్ని పౌండ్లు?"

వాడికి తెలియదు. సిగ్గుపడి తండ్రి వెనక్కి జరిగాడు.

"పర్లేదు, లాగి చూపించు" అని తన సంచిలోంచి అంగుళాల గీతలు పెట్టిన పుల్ల తీసింది. "పదిసార్లు లాగాలి. మొదటి మూడూ లెక్కపెట్టను."